డాబా మీద బర్రె ఆసనం

ప్రమీలాదేవిని యోగా క్లాసుకెల్లి ఎల్లగొట్టిన్రన్న ముచ్చట, పొద్దు నెత్తి మీదికి రాకముందే సిద్దిపేటల వాళ్ల కాలనీ మొత్తం తిరిగొచ్చింది. ఎల్లగొట్టింది నిజమే. ఎందుకన్నదానికే ఒక్కొక్కరు ఒక్కో కథ అల్లిన్రు. సాప జాగ కోసం కొట్లాడిందని ఒకరు, గురూజీని తిట్టిందని ఇంకొకరు. అసలు సంగతి అంత పెద్దదేం గాదు. ఆమె నవ్వింది.

ప్రమీలాదేవి జగదేవ్‌పూర్ దిక్కు పటేల్ల బిడ్డ. రాజిరెడ్డిని చేసుకొని సిద్దిపేటకు వచ్చినప్పుడు రెండు జడలేసుకునే పిల్ల, ఇప్పుడు హుస్నాబాద్‌ల మనుమలున్న మనిషి. రాజిరెడ్డికి విత్తనాలు, ఎరువుల దుకాణం. ఆయన మాట్లాడే మాటలన్నీ దుకాణంలనే అయిపోతయి, ఇంటికొచ్చేటాల్లకు ఏం మిగలవు. ఆ కొరత ఆమె తీరుస్తది. కాలనీల పెండ్లైనా, దినమైనా గంటె ఆమె చేతులకే పోతది, దాంతోపాటు నోరు గూడ పోతది. దేవుడంటే భక్తి ఉంది గాని బెదురు లేదు. వర్గల్ సరస్వతమ్మ గుడికి పోయినా లైన్ల ఊకె నిలవడదు. ముంగటున్నామె చీర ఏ దుకాణంల కొన్నదో అడిగి, ఆడ మోసం చేస్తరని చెప్పి, ఆమె మొకం మాడగొట్టి గాని దర్శనానికి పోదు.

అసొంటామెకు మోకాళ్లు పట్టేసినయి. డాక్టరు గోలీలు రాసిచ్చి, బరువు తగ్గాలె, యోగా చెయ్యాలె అన్నడు. మొదటి మాట దవాఖాన మెట్ల మీదనే మర్చిపోయింది. రెండో మాట పట్టుకొని కోమటిచెరువు కట్ట మీద పొద్దుగాల నడిచే యోగా క్లాసుల చేరింది.

గురూజీ అంటే ఇంత గడ్డం, కాషాయం గుడ్డలు ఉంటయనుకున్నది. తీరా చూస్తే కుట్టుమిషన్లు బాగుచేసే అంజన్న కొడుకు వెంకటేశ్. ముక్కు కారుకుంట వాళ్ల బాపు సైకిలెన్క కూసోని తమ ఇంటికొచ్చిన పోరడు. వాడు ఎక్కడికో పోయి యోగా చదివి, సర్టిఫికెట్ తెచ్చుకొని, తెల్ల పైజామా తొడుక్కొని, కండ్లు మూసుకొని, "శ్వాస మీద ధ్యాస నిలపండి" అంటుంటే ఆమెకు కడుపుల కెల్లి నవ్వొచ్చేది. పెదవులు బిగవట్టి కొన్ని దినాలు ఎట్లనో నెట్టుకొచ్చింది.

ఒకనాడు పవనముక్తాసనం చేపిచ్చిండు. అందరు ఎల్లెలకల పండి, మోకాళ్లు పొట్టకు అదుముకున్నరు. ముందు వరుసల రిటైరైన తాసీల్దారు సారు ఉన్నడు. ఆసనం పేరే పవనముక్తం, పవనం ముక్తమైంది. అది సారు తప్పు గాదు, ఆసనం తప్పు అంతకంటే గాదు. చెరువు కట్ట మీద గాలి గూడ ఒక్క గడియ ఆగినట్టైంది. అందరు ఏం ఇననట్టు కండ్లు ఇంకా గట్టిగ మూసుకున్నరు. ప్రమీలాదేవి మాత్రం లేచి కూసున్నది.

"పేరుకు తగ్గ పని సారు ఒక్కడే చేసిండు గురూజీ. ఆయనకు మార్కులెయ్యి" అన్నది.

అని ఊకున్నా బాగుండు. నవ్వుడు మొదలువెట్టింది. ఆమె నవ్వు సన్నది గాదు, ట్రాక్టర్ స్టార్టయినట్టు ఉంటది, ఒకసారి అందుకుంటె ఆగదు. తాసీల్దారు సారు సాప సుట్టవెట్టి సంకల వెట్టుకొని పోయిండు. క్లాసు అయినంక వెంకటేశ్ దగ్గరికొచ్చి, "మేడం, మీరు కొన్ని రోజులు ఇంటి వద్దే సాధన చేసుకోండి" అన్నడు. పొమ్మన్నందుకు ఆమెకు అంత బాధ గాలే. అంజన్న కొడుకు తనను మేడం అన్నడు, సాధన అన్నడు, అది కొట్టినట్టైంది.

ఇంటికొచ్చుకుంట తొవ్వలనే నిర్ణయం చేసింది. తన డాబా మీద తనే క్లాసు పెడతది, కాలనీ ఆడోళ్లందరిని గుంజుకొస్తది, చెరువు కట్ట మీద వెంకటేశ్ ఒక్కడే శ్వాస పీల్చుకుంట కూసోవాలె. ఇంటింటికి తిరిగి చెప్పింది. అందరు వస్తమన్నరు. తెల్లారి డాబా ఊడ్చి, నీళ్లు సల్లి, సాపలు చాలవని రాజిరెడ్డి దుకాణంల మూలకు వడ్డ పాత ఫ్లెక్సీలు తెచ్చి పరిచింది. అవన్నీ పురుగుల మందు కంపెనీలయి. ఒకదాని మీద పత్తికాయ తొలుస్తున్న గులాబీ రంగు పురుగు మనిషంత ఉన్నది.

ఆడోళ్లు ఒక్కరు రాలే. ఒకామెకు టిఫిన్లు, ఇంకొకామెకు నల్లా నీళ్లు, మరొకామెకు పెనిమిటి. అయితె వాళ్లు ఉత్తగనైతె ఉండలే, పిల్లలను తోలిన్రు. ఎండకాలం సెలవులు. పొద్దుగాల లేస్తే ఇంట్ల కొట్లాటలు, సోఫాల మీద దుంకులాటలు. ఒక్క గంట వాళ్లు ఇంట్ల లేకుంటే చాలనుకునే తల్లులకు యోగా అయితేంది, ఇంకేదైతేంది. మెట్లెక్కి డాబా నిండ పోరగాండ్లే వచ్చి, నేనంటే నేనని పురుగు బొమ్మ మీద కూసునేటందుకు కొట్లాడుతున్నరు.

ఎన్కకు తోలుదామనుకున్నది. తోలితే క్లాసుకు ఎవరు రాలేదన్న ముచ్చట చెరువు కట్ట దాంక పోతది. అందుకని నడుముకు కొంగు చెక్కి, "మేడం అనాలె నన్ను" అని చెప్పింది. ఎవరు అనలే. కార్తీక్ అనేటోడు మొదటి రోజే "యోగమ్మా" అన్నడు, అదే పడ్డది. కార్తీక్ కాళ్లు నిలవనియ్యడు, నోరు మూయడు. సాత్విక అనే బుడ్డది ఏది చెప్పినా ఎందుకని అడుగుతది. సాహితి ఒక్కతే నిమ్మళమైన పిల్ల, చెప్పింది చెప్పినట్టు చేస్తది. మిగతోళ్లు గుంపుల గోవిందా.

ఆమెకు వచ్చింది సగమే. క్లాసుల కండ్లు మూసుకొమ్మన్నప్పుడల్ల తెరిచి చూసిన సగం. మెడ తిప్పుడు, భుజాలు తిప్పుడు అని వెంకటేశ్ మొదట చేపిచ్చేవి ఆమెకు టైం పాస్ లెక్క కొట్టేవి. అందుకే అవన్నీ ఇడిచిపెట్టి, పక్కల కెల్లి లేచొచ్చిన పిల్లలను సక్కగ నిలవెట్టి ఒంగుమన్నది. కాలి ఏండ్లు అందుకోవాలె అన్నది. సాహితి అందుకోబోయింది, జరంత తక్కువ వడ్డది. ఎట్ల అందవో చూస్తనని ప్రమీలాదేవి ఆ పిల్ల ఈపు మీద చెయ్యేసి ఒక్క ఒత్తు ఒత్తింది. అందినయి. పిల్ల మొకం ఎర్రగ చేసుకున్నది.

తెల్లారి సాహితి రాలే. మాపటికి వాళ్లమ్మ ప్రియాంక వచ్చింది. ఆమె సర్కారు దవాఖానల నర్సు, డ్యూటీ దిగి ఆ తెల్ల చీర మీదనే వచ్చింది. కొట్లాటకొచ్చిందనుకొని ప్రమీలాదేవి ముందే గొంతు సవరించుకున్నది. ప్రమీలాదేవి ఇచ్చిన చాయ ప్రియాంక తాగింది. పిల్లకు తొడ ఎన్క కండ పట్టేసిందని, నడుస్తే కుంటుతున్నదని, నాలుగొద్దులు ఆరాం చేస్తే పోతదని చెప్పింది. లేచి పోయేటప్పుడు అన్నది:

"అది మల్ల వస్తనంటున్నది ఆంటీ. నేనే వద్దన్న."

కొట్లాడితే ఎదురు కొట్లాడేది. ఈ మాటకు ఖాళీ కప్పు లోపటికి తీస్కపోయి, కడిగిందే మల్ల కడిగింది. ఆ మాపు మక్కరొట్టెలు చేస్తుంటే మనసు మనసుల లేదు. పిండిల చల్లనీళ్లే పోసి పిసికింది. కొట్టిన రొట్టె కొట్టినట్టు పలుగుతున్నది. రాజిరెడ్డి పళ్లెంల ముక్కలు చూసి, వేడినీళ్లు పొయ్యలేదా అన్నడు. ఆయన ఆనాడు ఇంట్ల మాట్లాడింది ఆ ఒక్క మాటే. ఆమె కాలే పెంక ముంగట నిలవడి, ఎన్నేండ్ల సంది రొట్టెలు కొడుతున్నా, పోరగాండ్ల ఒళ్లు పిండి కంటే అగ్గువైందా నాకు అనుకున్నది. ఆమె రొట్టె తినలే. ముక్కలు కుక్కకేసింది.

వెంకటేశ్ దగ్గరికి పోవాలె. అయితె ఉత్తగ పోతే నామోషీ. తప్పు ఒప్పుకుందామన్నా ఓ సాకు కావాలె. మూలకున్న కుట్టుమిషన్ చూసింది. అది మంచిగనే నడుస్తున్నది. కత్తెర తీసుకొని బెల్టు పుటుక్కున కోసింది. దాన్ని సంచిల ఏసుకొని అంజన్న దుకాణం మెట్లెక్కింది.

అంజన్న బెల్టును ఎలుగుకు పెట్టి అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు.

"ఎలుక కొరికినట్టు లేదు పటేలమ్మా" అన్నడు.

"తెగింది" అన్నది ఆమె, గోడ దిక్కు చూసుకుంట.

లోపట వెంకటేశ్ బనీను మీద కూసోని మిషన్‌కు నూనె పోస్తున్నడు. తెల్ల పైజామా లేదు, శ్వాస లేదు, ధ్యాస లేదు. చేతులు నల్లగ ఉన్నయి. ఆమెను చూసి లేచి నిలవడి, "రా పెద్దమ్మా, కూసో" అని స్టూలేసిండు. మేడం అననందుకు ఆమెకు సగం భారం దిగింది. మిగిలిన సగం తనే దించుకున్నది. పిల్లను ఒత్తిన సంగతి, ప్రియాంక చెప్పిన సంగతి ఏది దాచిపెట్టకుండ చెప్పింది. వెంకటేశ్ నవ్వలే, నేను ముందే చెప్పిన గద అని గూడ అనలే. మసి గుడ్డతోని చేతులు తుడుచుకొని, దుకాణం నడుమల నిలవడి ఒక్కొక్కటి చేసి చూపిచ్చిండు.

లేవంగనే ఒంచొద్దన్నడు. మెడ మెల్లగ ఆ పక్కకు, ఈ పక్కకు. భుజాలు ముంగటికి, ఎన్కకు. మణికట్లు, కాలి గిలకలు గుండ్రంగ తిప్పాలె. నిలవడ్డకాడ్నే నడిచినట్టు కాళ్లు లేపి దించాలె. ఒళ్లు జర వేడెక్కినంక ఆసనాలు. అవి గూడ కడుపు నిండ తిన్నంక వద్దు. ఎవరు ఎంత ఒంగితే గంతే, చెయ్యేసి ఒత్తుడు లేదు. నొస్తుందంటే ఆపాలె. నెత్తి మీద నిలవడుడు అసలే వద్దు.

"ఊపిరి బిగవట్టియ్యకు పెద్దమ్మా, చిన్న పిల్లలు. నవ్వుకుంట చేస్తే ఊపిరి దానంతటదే ఆడుతది."

"నవ్వితే మంచిదైతె నన్నెందుకు ఎల్లగొట్టినవురా?"

వెంకటేశ్ వాళ్ల బాపు దిక్కు ఒకసారి చూసిండు. తాసీల్దారు సారు అలిగి మానేస్తే ఆయన ఎంట వచ్చే పెద్దమనుషులందరు మానేస్తరని, వాళ్లు మానేస్తే కట్ట మీద క్లాసే ఉండదని మెల్లగ చెప్పిండు. తర్వాత ఇంకా మెల్లగ, "నాకు గూడ నవ్వొచ్చింది. నాలుక పండ్ల కింద వట్టుకున్న, ఇంకా పుండున్నది" అన్నడు.

అంజన్న కొత్త బెల్టిచ్చిండు. ఆమె అటుకెల్లి అటే ప్రియాంక ఇంటికి పోయింది. సాహితి మంచం మీద కాళ్లు సాపుకొని బొమ్మలు గీసుకుంటున్నది. ప్రమీలాదేవి మంచం పట్టె మీద కూసోని, "తప్పు నాది బిడ్డా. నీ కాలు నాది గాదని మర్సిన" అన్నది. పిల్ల తను గీసిన పిల్లి బొమ్మ చూపిచ్చింది. ప్రియాంక తలుపుకాడ నిలవడి ఇన్నది. వారం దినాలకు పిల్ల మెట్లెక్కి వచ్చింది, ఎంబడి ప్రియాంక గూడ వచ్చి ఒక మూలకు నిలవడ్డది.

గప్పటికి డాబా మీద కథ మారింది. మొదట చేసేదానికి ప్రమీలాదేవి 'వేడినీళ్లు' అని పేరు పెట్టింది. వేడినీళ్లు పొయ్యంది రొట్టె లేదు. మెడ తిప్పేటందుకు ఆమెకో ఉపాయం దొరికింది. "ఫ్రిజ్‌ల లడ్డు ఎవరు తిన్నరు?" అని అడుగుతది. పిల్లలు నేను గాదన్నట్టు తలకాయలు మెల్లగ ఆ పక్కకు ఈ పక్కకు తిప్పుతరు. "మీ అమ్మ కెమెరా పెట్టింది, నిజం చెప్పుండ్రి" అంటది. తలకాయలు మెల్లగ కిందికి మీదికి ఊగుతయి. మణికట్లు తిప్పితే గాజులేసుకునుడు. కాళ్లు లేపి దించితే బస్‌స్టాండుకు ఉరుకుడు. భుజాలు తిప్పితే మిక్సీ, మిక్సీకి సప్పుడు గూడ చెయ్యాలె.

ఆసనాల సంస్కృతం పేర్లు ఆమెకు నోరు తిరగలే, తిరగాలని గూడ చూడలే. చేతులు పైకి లేపి మునివేళ్ల మీద నిలవడితే తాటిచెట్టు. బోర్ల పండి ఛాతి లేపితే జెర్రిపోతు. మోకాళ్ల మీద ఒంగి నడుము పైకి లేపితే పిల్లి. గిట్ల నడుస్తుంటే ఒకనాడు సాత్విక అడిగింది, పిల్లికి ఆసనం ఉన్నప్పుడు బర్రెకు ఎందుకు లేదని. పిల్లి పాలు తాగుతది, బర్రె పాలిస్తది, మరి ఎవరు గొప్ప? ప్రమీలాదేవికి జవాబు దొరకలే. దొరకనందుకు బర్రె ఆసనం పుట్టింది. పిల్లి లెక్కనే ఒంగాలె, అయితె నడుము కిందికి జార్చి, మొకం పైకి లేపి, నోరారా అరవాలె.

ఆ అరుపు రెండు గల్లీలు ఇనవడేది. కొత్తగ కిరాయికి వచ్చినాయన ఒకడు మూడో రోజు గిన్నె పట్టుకొని మెట్లెక్కొచ్చి, చిక్కటి పాలు ఏమన్న దొరుకుతయా అని అడిగిండు. డాబా నిండ బర్రెలు ఉన్నయి గాని పాలు లేవు. ఆయన గిన్నె పట్టుకొని జరసేపు నిలవడి చూసి, తెల్లారి తన కొడుకును తోలిండు.

పవనముక్తాసనం గురించి పిల్లలకు ఎట్లనో తెలిసిపోయింది. ఎవరు ముక్తం చేస్తే వాళ్లకు చప్పట్లని ఆమె ఒక రోజు రూలు పెట్టింది. పెద్ద తప్పు. కార్తీక్ తెల్లారి ఉడకవెట్టిన శెనగ గుడాలు దండిగ తినొచ్చిండు. రెండో రోజుకే రూలు ఎత్తేసింది. శవాసనం పేరు మాత్రం ఆమెకు నచ్చలే. పొద్దుగాల్నే పోరగాండ్లను శవాలు కమ్మంటరా ఎవలన్న? దానికి ఆదివారం ఆసనం అని పెట్టింది. బడి లేదు, ట్యూషన్ లేదు, అమ్మ లేపదు, ఉత్తగ పండుడే. కార్తీక్ గూడ గదొక్కటి కదలకుండ చేసేటోడు.

సెలవులైపోయి బడులు తెరిచినంక వెంకటేశే ఇంటికొచ్చిండు. యోగా దినం నాడు గ్రౌండుల పెద్ద కార్యక్రమం ఉన్నదని, పిల్లలతోని ఏమన్న చేపిస్తవా పెద్దమ్మా అని అడిగిండు. తను పిల్లలతోని ఒకసారి చేపిద్దామని చూసిండట, అందరు చెరువుల చేపలకు మురమురాలు ఏసేటందుకు ఉరికిన్రట. ఆమె జర బెట్టు చేసి ఒప్పుకున్నది. బర్రె గూడ ఉంటదా అని అడిగిండు. బర్రె లేకుంటే పిల్లలు రారు అన్నది.

ఆనాడు కోడి కూయకముందే పిల్లలను లేపిన్రు. ఒకలకు టీషర్టు ఎన్కది ముంగటికి, ఒకలకు మొకం కడగలే. గ్రౌండుల వేదిక, జెండాలు, మైకు, పోలీసోళ్లు, డ్వాక్రా మహిళలు. వేదిక ముంగట పచ్చ తివాచీ మీద పిల్లలను కూసవెట్టిన్రు. ముఖ్య అతిథి వచ్చినంకనే మొదలువెట్టాలని, రొమ్ముకు బ్యాడ్జి పెట్టుకున్న నిర్వాహకుడు ఒకాయన చెప్పిండు. ముఖ్య అతిథి రాలే. తెల్లగ తెల్లారింది, పొద్దు ఎక్కింది, అతిథి తొవ్వల ఉన్నడన్నరు. తొవ్వల అంటే ఇంట్ల తానం చేస్తుండని అర్థం. పోరగాండ్లు తివాచీ కుచ్చులు పీకుడు షురూ చేసిన్రు.

ప్రమీలాదేవి లేచింది. ఎవలను అడగలే. "లడ్డు ఎవరు తిన్నరు?" అన్నది, మైకు లేకుండనే. తలకాయలు అటు ఇటు తిరిగినయి. ఎనకున్న డ్వాక్రా మహిళలు గూడ తిప్పిన్రు. కెమెరా ముచ్చట వచ్చేటాల్లకు ఒక హెడ్ కానిస్టేబుల్ తల కిందికి మీదికి ఊపిండు. గాజులు, బస్‌స్టాండు, మిక్సీ, తాటిచెట్టు, జెర్రిపోతు, పిల్లి అన్నీ అయినయి. బర్రె కాడికి వచ్చేటాల్లకు గ్రౌండు గ్రౌండే అరిసింది. నిర్వాహకుడు ఇది కార్యక్రమం కాగితంల లేదని వెంకటేశ్ చెవుల చెప్పవోయిండు, వెంకటేశ్ మోకాళ్ల మీద ఉన్నడు, ఇనవడలే. తర్వాత అందరిని ఆదివారం ఆసనంల పండవెట్టింది. ఎండ ఇంకా పిల్లగనే ఉన్నది, గాలి సల్లగ ఉన్నది. కోడి కూయకముందు లేచిన పోరగాండ్లు. నిజంగనే నిద్రవోయిన్రు.

గప్పుడు కార్లొచ్చినయి. నిర్వాహకుడు చెమటలు కక్కుకుంట ఉరికొచ్చి, పిల్లలను లేపుమన్నడు, అతిథి ముంగట మల్ల మొదటికెల్లి చెయ్యాలన్నడు. ప్రమీలాదేవి లేవలే. "ఎవరు లేపితే వాళ్లే ఆడించుకోవాలె. నిద్రల కెల్లి లేచిన పోరగాన్ని ఎన్నడన్న చూసినవా అయ్యా?" అన్నది.

ఆయనకు ఇంట్ల పిల్లలున్నట్టున్నరు. ఎన్కకు తగ్గిండు. అతిథి దండ ఏసుకొని మైకు కాడికి వచ్చి చూస్తే, ముంగట పోరగాండ్లు గుర్రు వెడుతున్నరు. సాత్విక ఏలు నోట్లెట్టుకున్నది, కార్తీక్ కాలు ఇంకొకని పొట్ట మీద ఉన్నది. ఆయన గొంతు తగ్గించి, కాగితం చూడకుండ, యోగా మంచిది, పిల్లలు సల్లగుండాలె అని రెండు ముక్కలు మాట్లాడి కూసున్నడు. అంత చిన్న ప్రసంగం సిద్దిపేటల ఎవరు ఇనలే. ఆయనను మెచ్చుకున్నోళ్లు గూడ ఆనాడు చప్పుడు కాకుండనే చప్పట్లు కొట్టిన్రు.

బడి నడుస్తుంది గనుక ఇప్పుడు క్లాసు ఆదివారం ఒక్కనాడే. వానలు మొదలైనంక డాబా జారుతున్నదని, ముందుగాల దుకాణం ఎనక గోదాములకు మార్చింది. యూరియా బస్తాల నడుమ పోరగాండ్లు శ్వాస పీల్చుడు కంటే తుమ్ముడు ఎక్కువైంది. అందుకని ఇంట్ల హాల్‌లకు తెచ్చి సోఫాను వరండల పడేసింది. ప్రమీలాదేవి బరువు తగ్గలే. క్లాసు అయినంక పిల్లలకు గుడాలు పెడతది, వాళ్లతోని తను గూడ తింటది. మోకాళ్లు నొచ్చుడు పోలే గాని, నొప్పి మాట మాట్లాడేటందుకు తీరిక లేదు.

రాజిరెడ్డికి మాత్రం ఆదివారం పొద్దుగాల కూసునేటందుకు జాగ లేకుండ పోయింది. కొన్ని ఆదివారాలు దుకాణానికి పోయిండు. మొన్నటి ఆదివారం పోలే. హాల్ నడుమల కుర్చీ ఏసుకొని పేపరు పట్టుకొని కూసున్నడు. బోర్ల పాకుకుంట సాత్విక ఆయన కాళ్లకాడికి వచ్చి ఆగింది.

"తాతా, కాళ్లు తియ్యి. జెర్రిపోతు పోవాలె" అన్నది.

ఆయన పేపరు దించలే. కాళ్లు రెండు పైకి లేపి, గట్లనే పట్టుకొని చదువుకుంట కూసున్నడు. కుర్చీ కిందికెల్లి జెర్రిపోతులు ఒకదానెంబడి ఒకటి పోయినయి.